తెలిసీ తిరిగిన తొమ్మిది రోజులు

భవానీపురంలో మల్లీశ్వరిని నమ్మని ఇల్లు ఉండేది కాదు. ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీకి ఏజెంటుగా ఆరేళ్లు వీధి వీధీ తిరిగింది. పాచిపనికి వెళ్లే ఆడవాళ్లు, తోపుడుబళ్ల వాళ్లు రోజూ యాభయ్యో వందో ఆమె చేతిలో పెట్టేవారు. బ్యాంకుకి వెళితే సగం రోజు కూలి పోతుంది. మల్లీశ్వరి అయితే గుమ్మంలోకే వచ్చేది.

ఒక సోమవారం బ్రాంచిలో క్లర్కు కిరీటి ఆమెను మెట్ల దగ్గర ఆపాడు.

"కంపెనీ మునిగేలా ఉంది. మీ డబ్బులుంటే తీసేసుకోండి మేడం. ఎవరికీ చెప్పకండి. చెప్తే అందరూ ఒక్కసారే వచ్చి పడతారు."

కూతురి నర్సింగ్ ఫీజు కోసం దాచిన ఎనభై వేలూ ఆ మధ్యాహ్నమే తీసేసుకుంది. మర్నాడు ఎప్పటిలాగే సంచీ తగిలించుకుని వసూళ్లకు బయల్దేరింది. మానేస్తే అనుమానం వస్తుందని తనకు తానే చెప్పుకుంది. అలా తొమ్మిది రోజులు తిరిగింది. పదో రోజు బ్రాంచి తెరుచుకోలేదు.

జనం ఆమె ఇంటి మీదికి వచ్చారు. హాస్టల్లో గిన్నెలు తోమే శౌరమ్మకి కంటి ఆపరేషన్ కోసం దాచుకున్న ముప్పై రెండు వేలు పోయాయి. అయినా ఆమే అడ్డం నిలబడింది.

"దాన్నెందుకు తిడతారు? దానియ్యీ పోయినాయి కదా!"

మర్నాడు గిన్నెలో అన్నం కూడా తెచ్చిపెట్టింది. మల్లీశ్వరి తలొంచుకుని తింది. నిజం మాత్రం చెప్పలేదు.

తర్వాత బట్టల కొట్టులో పనికి కుదిరింది. వారంలో సెలవు దొరికిన రోజున ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లేది. ఫారాలు నింపి, నెలకి వంద రూపాయల చొప్పున కట్టే రికరింగ్ డిపాజిట్ ఖాతాలు తెరిపించేది.

"డబ్బు నా చేతికివ్వొద్దు. కౌంటర్లో నువ్వే కట్టు. పుస్తకంలో పడిందో లేదో చూసుకునే కదులు" అనేది.

వాళ్లు ఆమె మంచితనాన్ని మెచ్చుకుంటుంటే అక్కడ నిలబడలేకపోయేది.

శౌరమ్మ మాత్రం ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. రెండేళ్లకి చూపు బాగా మసకబారింది. ఒకరోజు రోడ్డు దాటడానికి శౌరమ్మ మల్లీశ్వరి చెయ్యి పట్టుకుంది. అవతలికి చేరాక మల్లీశ్వరి ఆ చెయ్యి వదల్లేదు.

"అక్కా, నా డబ్బులు పోలేదు. ముందే తెలిసి తీసేసుకున్నాను."

శౌరమ్మ ఆమె వైపు మొహం తిప్పింది.

"తెలిశాక కూడా నా దగ్గరకొచ్చి వసూలు చేశావా?"

"తొమ్మిది రోజులు చేశానక్కా."

శౌరమ్మ చెయ్యి విడిపించుకుని గోడ తడుముకుంటూ వెళ్లిపోయింది.

ఆ వారంలోనే మల్లీశ్వరి మిగిలినవాళ్లకూ చెప్పింది. ఒకామె చెంప మీద కొట్టింది. ఆమెతో పోస్టాఫీసుకి రావడం అందరూ మానేశారు. ఖాతాలు మాత్రం మానలేదు, ఎవరికి వాళ్లే వెళ్లి కట్టుకున్నారు. ఆ తొమ్మిది రోజుల సొమ్ము జీతంలోంచి కొద్దికొద్దిగా తిరిగిచ్చింది. శౌరమ్మ తీసుకోలేదు.

శౌరమ్మకి ఆమె కూతురు డయానా పెద్దాసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్ చేయించింది. నల్ల కళ్లద్దాలు తీసేసిన నెలకి తల్లీకూతుళ్లు పోస్టాఫీసుకి వచ్చారు. తన ఖాతాలో కట్టడానికి వచ్చిన మల్లీశ్వరి వరసలో ఉంది. శౌరమ్మ చూసి కూడా పలకరించలేదు. తల్లి పేరున ఖాతా తెరిచే ఫారం నింపుతూ డయానా ఒకచోట ఆగిపోయింది.

"ఇక్కడేం రాయాల?" అంది శౌరమ్మ, మల్లీశ్వరి వైపు తిరక్కుండానే.

"నీ తర్వాత డబ్బు ఎవరికి చెందాలో వాళ్ల పేరు రాయాలక్కా."

"ఊఁ" అని, శౌరమ్మ కూతురి పేరు రాయించింది.