తన తప్పు తానే రాసిచ్చినవాడు

అన్న పోయాడని దుక్మ్ సైటు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మస్కట్‌లో, అల్ హైల్ క్యాంపులో పికప్ టైరు మారుస్తున్నాను. షట్టరింగ్ పలకలు కొడుతూ కొడుతూ ఉన్నట్టుండి కూలబడ్డాడట. నీళ్ళు అడిగాడట. నీళ్ళు తెచ్చేలోపే ప్రాణం పోయిందట. యాభై నాలుగేళ్ళ మనిషిని ఆ ఎండలోకి, అంత దూరం ఎందుకు పంపారో మా క్యాంపులో అందరికీ తెలుసు. సైట్ బస్సులో తాగే నీళ్ళు పెట్టమని అరవై మంది చేత సంతకాలు, వేలిముద్రలు వేయించి కంపెనీకి కాగితం ఇచ్చాడు. బస్సులోకి నీళ్ళు వచ్చాయి. అన్న దుక్మ్ వెళ్ళాడు.

ఆయన నాకు చుట్టం కాదు. మాది జగిత్యాల వైపు, ఆయనది నిజామాబాద్ వైపు. రూమ్‌లో కింది మంచం ఆయనది, పై మంచం నాది, ఆరేళ్ళు అట్లా బతికాం. ఊళ్ళో ఉండగా బీడీలు చేసే ఆడవాళ్ళ సంఘం నడిపాడు. ఇరవై ఏళ్ళు ఒక చిన్న ఎర్రజెండా పార్టీలో పనిచేశాడు. పార్టీ పేరు రాయను. రాస్తే ఆ పేరు మాదంటే మాదని, ఇప్పుడు రెండు ముక్కలైన ఆ పార్టీవాళ్ళు రెండు వైపుల నుంచీ నా మీదికి వస్తారు.

"మీ పార్టీల ఎంతమంది ఉంటరన్నా?" అని అడిగానొకసారి.

"ఒక బస్సు నిండుతది."

"ఎక్స్‌ప్రెస్సా?"

"మినీ బస్సు తమ్మీ," అని నాకంటే ముందు తనే నవ్వాడు.

ఆ మినీ బస్సు చరిత్ర ఆయన చెప్తుంటే వినాలి. మొదట పెద్ద పార్టీ నుంచి విడిపోయింది, ఎన్నికల్లో నిలబడాలా వద్దా అని. తర్వాత దేశం ఇంకా సగం దొరల చేతిలో ఉందా, పూర్తిగా షావుకార్ల చేతిలోకి పోయిందా అని రెండేళ్ళు వాదించుకుని కొందరు వెళ్ళిపోయారు. ఇది విన్న మా వంట మనిషి, "మనల్ని ఇక్కడికి పంపిన ఏజెంటు దొరనా, షావుకారా?" అని అడిగాడు. అన్న రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు పళ్ళు తోముకుంటూ వచ్చి, "రెండూ," అని చెప్పి పోయాడు. ఆ పార్టీలో ఒక్కడైనా ఇంత తొందరగా ఒక విషయం తేల్చి ఉంటే బాగుండేది.

దున్నేవాడికి భూమి, చేసేవాడికి కార్ఖానా, అడిగే హక్కు అందరికీ. ఆయన సిద్ధాంతం మొత్తం ఇంతే. మిగతాదంతా నాయకులు రాసుకున్నారు.

శుక్రవారం సెలవు. అన్నాలు తిన్నాక రూమ్‌లో ఎనిమిది మందినీ కూర్చోబెట్టి ఆత్మవిమర్శ పెట్టించేవాడు. అది వాళ్ళ పార్టీ పద్ధతి. ముందు ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకోవాలి, ఆ తర్వాతే పక్కవాడి తప్పు ఎత్తాలి. గిన్నె కడగనివాడు, బకెట్ నీళ్ళన్నీ ఒక్కడే పోసుకున్నవాడు, ఫోన్‌లో భార్యను తిట్టినవాడు, అందరూ తలొంచుకుని చెప్పేవాళ్ళు. మొదట్లో మాకిది ఆటలాగా ఉండేది. కానీ రూమ్‌లో కొట్లాటలు తగ్గాయి. ఒక శుక్రవారం ఆయనే లేచి, కొత్తగా వచ్చిన మనిషిని ఫోర్‌మన్ ముందు కసిరానని, అది తన తప్పని చెప్పి, ఆ మనిషి దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకున్నాడు. అట్లాంటి పెద్దమనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

గల్ఫ్‌కు వచ్చే ముందు పార్టీకి కూడా ఆయన అట్లాగే ఒక ఉత్తరం రాసిచ్చాడు. "ఇల్లు గడవక ఉద్యమాన్ని వదిలి పోతున్నాను. ఇది నా బలహీనత. దీన్ని సమర్థించుకోను." ఈ మాటలు మాకు చాలాసార్లు చెప్పాడు, కొంచెం గర్వంగానే.

"అట్ల రాసియ్యకుండ ఉండాల్సిందన్నా," అన్నాను నేను.

"పార్టీల తప్పు దాచుడు ఉండది తమ్మీ. రాసినోన్నే నమ్ముతరు."

ఆయన ఇక్కడికి వచ్చిన నాలుగేళ్ళకు ఉన్న ఆ కాస్త పార్టీ కూడా రెండయింది. ప్రత్యేక రాష్ట్రం ముందా, వర్గపోరాటం ముందా అన్నది పైకి చెప్పిన కారణం. ఆఫీసు తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది లోపలి కారణం. రెండు ముక్కలకూ అదే పేరు, అదే జెండా. రెండు వైపుల నుంచీ ఆయనకు మస్కట్‌కు ఫోన్లు వచ్చాయి. కామ్రేడ్, మీరు పాత సభ్యులు, మీ మద్దతు మాకే కావాలి అని. అప్పుడు ఆ ఉత్తరం ఎవరికీ గుర్తు రాలేదు. అన్న ఇద్దరికీ ఒకటే మాట చెప్పాడు: "ముందు ఇద్దరు కల్వున్రి, అటెన్క నాకు ఫోన్ చెయ్యున్రి." మళ్ళీ ఎవరూ చేయలేదు.

దుక్మ్ వెళ్ళడానికి వారం ముందు, బట్టలు సర్దుకుంటూ నన్ను ఒకటి కోరాడు. తను పోతే ఒంటి మీద జెండా కప్పమని పార్టీవాళ్ళకు చెప్పాలట. రువీ బజార్లో ఎర్రగుడ్డ దొరకదా, నేనే కొంటానన్నాను. కోపం వచ్చింది ఆయనకు.

"పార్టీ కప్పితేనే అది జెండా. మనం కొనుక్కుంటే ఉత్త గుడ్డ."

సరే అన్నాను. మాటిచ్చాను.

శవాన్ని పంపే కాగితాలు తయారవడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ నేను ఊరికి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. మొదటి ముక్క కార్యదర్శి చాలా మర్యాదగా మాట్లాడాడు. "ఆయనంటే మాకు గౌరవమే. కానీ ఉద్యమాన్ని వదిలానని ఆయనే స్వయంగా రాసిచ్చాడు. ఉత్తరం ఫైల్లో ఉంది. ఆయన ఒప్పుకున్నదాన్ని మేమెట్లా కాదంటాం?" రెండో ముక్క కార్యదర్శి ఇంకా తెలివైనవాడు. "ఆ ఫైలు వాళ్ళ దగ్గరుంది. ఫైలు ఎవరి దగ్గరుంటే మనిషి వాళ్ళ మనిషే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. భూములు మింగినవాళ్ళు, సంఘం పేరు చెప్పుకుని బతికినవాళ్ళు ఏమీ రాసివ్వలేదు కాబట్టి నిప్పులాంటి కామ్రేడ్లు. తన తప్పు తన చేత్తో రాసిచ్చిన ఒక్కడే ద్రోహి. ఆయన నేర్పిన పద్ధతి గొప్పదే. కానీ ఎవరి ముందు తప్పు ఒప్పుకుంటున్నామో చూసుకోమని ఆయనకు నేర్పినవాళ్ళు లేరు.

సెలవు పెట్టి శవంతోపాటు నేనే వెళ్ళాను. బీడీలు చేసే ఆడవాళ్ళు చేటలు పక్కన పెట్టి, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ నుంచి వచ్చారు. జెండా రాలేదు. వదిన ఒక్కసారి నా ముఖంలోకి చూసింది, నేను తల అడ్డంగా ఊపాను. ఇంట్లోంచి తెల్ల పంచె తెచ్చి తనే కప్పింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయానని అక్కడే ఏడ్చాను.

అంత్యక్రియలయ్యాక పదకొండో రోజున మాత్రం ఇద్దరు కార్యదర్శులూ వచ్చారు. నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళు కదిలారన్న సంగతి ఈలోపు వాళ్ళకు తెలిసింది. ఒకాయన బస్సు దిగి వచ్చాడు, ఇంకొకాయన మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఇద్దరి చంకలోనూ మడతపెట్టిన ఎర్రజెండా. ఫోటోకు కప్పి, సంస్మరణ సభ తేదీ చెప్తామన్నారు, ఎవరికి వారే.

వదిన కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

"మనిషిని పట్టుకొని వస్తే మా వోడు కాదంటిరి. ఇయ్యాల ఫోటకు కప్పుతరా? మా ఆయన ఫోట కాదు. తీస్కపోన్రి," అంది.

ఇద్దరూ వాకిట్లోకి నడిచారు. అక్కడ ఆగిపోయారు. ముందు వెళ్ళినవాడు ఈ ఇంటిని, ఈ ఊళ్ళ ఆడవాళ్ళను రెండోవాడికి వదిలేసినట్టవుతుంది. అందుకని ఎవరూ వాకిలి దాటి బయటికి పోలేదు. సాయంత్రం బస్సుకు నేను సంచి తీసుకుని వాళ్ళ మధ్య నుంచే బయటికి నడిచాను. మూలమలుపు దగ్గర తిరిగి చూస్తే, వాకిలికి చెరో పక్క, చంకలో జెండాలతో, ఎండకు కళ్ళు చికిలిస్తూ ఇంకా అట్లాగే నిలబడి ఉన్నారు.