విమానం చూడని మనవడు

సురంగల్‌లో సాముయేలు తాత చేతిలో మురుకు పోగొట్టుకోని పిల్లలు లేరు. "అగో, ఇమానం" అని ఆకాశంలోకి వేలు చూపించేవాడు. పిల్లలు తలెత్తి దించేలోగా మురుకు తాత నోట్లో ఉండేది. తనవల్లే ఆ ఊరి పిల్లల మెడలు బెత్తెడు పొడుగు పెరిగాయని, శంషాబాద్‌లో విమానాశ్రయం కట్టింది కూడా తన మాట నిజం చేయడానికేనని చెప్పుకునేవాడు.

ఆయన్ను ఓడించింది ఒక్కడే, రెండేళ్ల మనవడు ఆనంద్ బాబు. తాత వేలు నొప్పి పుట్టేదాకా చూపినా వాడు తలెత్తడు. మురుకు నములుతూ, టమాటాలు గడప నుంచి గేటు దాకా వరుసగా పేర్చుకుంటూ పోతాడు. పేరు పెట్టి పిలిచినా తిరగడు. సాముయేలు పొంగిపోయాడు. ఎవరికీ మోసపోని మెదడని, రేపు హైటెక్ సిటీలో కంప్యూటర్లే వీడికి లేచి నమస్తే పెడతాయని చేవెళ్ల దాకా షేర్ ఆటోల్లో చాటింపు వేశాడు.

కోడలు ఎస్తేర్‌కు మాత్రం గుబులు. పిల్లవాడికి అమ్మా అనే మాటే రాలేదు. ఏం కావాలన్నా వేలితో చూపడు, ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు. దవాఖానకు పోదామంటే మామ ససేమిరా అన్నాడు. అన్ని గొప్పలు చెప్పాక దవాఖాన మెట్లెక్కితే ఆటోలో ఎవరైనా పక్కన కూర్చోనిస్తారా?

ఒకరోజు ఆమె మెల్లగా అన్నది: "మామా, మోసపోయిన పిల్లలందరు మీ ఏలు దిక్కు చూసిన్రు. మనోడు మోసపోకపోవుడు కాదు, అసలు చూస్తనే లేడు."

సాముయేలు నోట్లో మురుకు కరకరలాడడం ఆగిపోయింది. మర్నాడు ఆయనే ముందు ఆటో ఎక్కాడు.

చేవెళ్లలో డాక్టరమ్మ పిల్లవాణ్ణి పిలిచి చూసింది, ఫ్యాన్ వైపు వేలు చూపి చూసింది. ఇవి ఆటిజం లక్షణాలు కావచ్చని, పట్నంలో పూర్తి పరీక్ష చేయించాలని చెప్పింది. తొందరగా తెచ్చి మంచిపని చేశారన్నది. అప్పటిదాకా ఇంట్లో ఏదో ఒకటి వేలితో చూపిస్తూ ఆడించాలట, ఎవరికైనా అంత ఓపిక ఉందా అని అడిగింది.

"నాకు వేరే నౌకరీయే లేదమ్మా," అన్నాడు సాముయేలు.

నెలలు గడిచాయి. పట్నంలో డాక్టర్లు అదే మాట ఖాయం చేశారు, మాటా ఆటా నేర్పించేవాళ్లు దొరికారు. ఇంట్లో తాత వేలికి సెలవు లేదు. ఒక సాయంత్రం నిజంగానే విమానం వచ్చింది. ఆనంద్ బాబు వేలును చూశాడు, ఆకాశాన్ని చూశాడు, తాత ముఖం చూశాడు. అప్పటికే వాడి చేతిలో మురుకు లేదు.

మర్నాడు షేర్ ఆటోలో సాముయేలు అందరికీ మురుకులు పంచాడు. సంగతేమిటని అడిగితే, కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "మా మనవడు మోసపోయిండు."