వీధిలోంచే కనిపించిన కళ్లం

ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే మా ఆఫీసు కొత్త చిరునామాలకు మారిన వారమంతా నేను ఒక జాబితా జేబులో పెట్టుకుని తిరిగాను. ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఒక చిరునామా ఉంటుంది. పాతవి చుక్కలు పెట్టి విడదీసిన నాలుగు సంఖ్యలు. అవి చాలక, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన పొడవాటి చిరునామాలు వచ్చాయి. ఒక్కో కనెక్షన్‌కు ఏడు పరీక్షలు. ఏడింటికీ టిక్కు పడితే పని అయినట్టు.

కోటబొమ్మాళి దగ్గరి రైస్‌మిల్లుకు ఒక ఉదయం ఏడు టిక్కులూ పడ్డాయి. పదకొండింటికి నరసన్నపేటలోని ఇంటినుంచి మిల్లు షావుకారు ఫోన్ చేశారు.

"మిల్లు కెమెరాలో బొమ్మ నేదు. ఒకసారి రా బాబూ."

వెళ్లాను. ఆయన కాలు విరిగి మంచం మీద ఉన్నారు. ఉడకబెట్టిన ధాన్యం మిల్లు కళ్లం నిండా ఆరబోసి ఉంది. వాన పడితే పాడైపోతుంది. ఫోన్‌లో ఆ కెమెరా బొమ్మ పెట్టుకుని మబ్బు చూసి, ధాన్యం ఎప్పుడు ఎత్తాలో మేస్త్రికి ఆయనే చెబుతారు.

"మేస్త్రినే అడగొచ్చు కదండీ," అన్నాను.

"ఆడ్ని అడిగితే ఎప్పుడూ ఎండే అంటాడు. మొన్న ఎండ ఎండ అంటూనే సగం కళ్లం తడిపేసినాడు."

ఆయన ఫోన్‌లో మిల్లు కెమెరా కొత్త చిరునామా కొట్టాను. రాలేదు. ఒక్కో అక్షరం పైకి చదువుతూ మళ్లీ కొట్టాను. రాలేదు. నా ఫోన్‌కు వాళ్ల వైఫై పెట్టి చూశాను. అదీ రాలేదు. ఆఫీసులో ఇదే ఫోన్‌లో వచ్చింది. ఏడు పరీక్షలూ మళ్లీ చేశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆఫీసుకు ఫోన్ చేద్దామని వీధిలోకి వచ్చాను. నా చేతిలోనే కళ్లం కనబడింది. లోపలికి వెళ్లాను, పోయింది. మళ్లీ బయటికి వచ్చాను, వచ్చింది. నాలుగుసార్లు తిరిగాను.

షావుకారు గారి భార్య గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఏటి బాబూ, ప్రదక్షిణాలు సేస్తన్నావా?"

కారణం మర్నాడు తెలిసింది. వాళ్లింటి వైఫై వేరే కంపెనీది, కొత్త చిరునామాలు దానికి అందవు. మొబైల్ నెట్‌కు అందుతాయి, కానీ ఆ గదిలో మొబైల్ నెట్ రాదు, వీధిలోనే వస్తుంది. ఆ పూట మాత్రం నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ నా చేతిలోని ఫోన్ తీసుకుని వీధిలో నిలబడ్డారు. కిటికీలోంచి షావుకారు అడిగేవారు, ఆవిడ చెప్పేవారు.

"మబ్బు ఉన్నాదా?"

"నేదు. ఎండే."

అంతలో మా మీద చినుకులు మొదలయ్యాయి. ఆవిడ కొంగుతో ఫోన్ తుడిచి మళ్లీ చూశారు. "ఇక్కడ వాన పడతన్నాది, అక్కడ సూస్తే ఎండ. ఇది ఇప్పటి బొమ్మేనా బాబూ, పొద్దుటిదా?"

నేను వంగి చూశాను. కళ్లం మీద మనిషి లేడు. ఏదీ కదలడం లేదు. బొమ్మ మీద గడియారం లేదు. బొమ్మ ఇప్పటిదో కాదో చెప్పే పరీక్ష నా జాబితాలో లేదు.

"సెప్పు బాబూ," అన్నారు షావుకారు కిటికీలోంచి. "ఎత్తమందునా, వద్దా?"

"తెలీదండీ."

"ఇంత సదివి తెలీదంటావేటి?"

ఆయన మేస్త్రికి ఫోన్ చేశారు. అవతలివాడు ఏమన్నాడో గాని, "ఎండ సంగతి నాకు సెప్పకు. ఎత్తీండి," అని పెట్టేశారు.

మేమిద్దరం తడుస్తూ ఫోన్ వైపే చూస్తున్నాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత తలగుడ్డ కట్టుకున్న ఒకామె బొమ్మలోకి వచ్చింది, వెనక మరో నలుగురు. ధాన్యం కుప్పలుగా లాగి టార్పాలిన్లు కప్పారు. కళ్లం నిండా ఎండ అలాగే ఉంది.

"కప్పీసినారా?" అన్నారు షావుకారు.

"కప్పీసినారు," అన్నారు ఆవిడ.

తలగుడ్డ ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసింది. తర్వాత కెమెరా వైపు తిరిగి, ఏటి అన్నట్టు అరచెయ్యి తిప్పింది.