కత్తి కింద పెట్టాకే నవ్వు

మా బావ సెలూన్‌లో గడ్డం గీయించుకుంటే చెంప మీద ఈగ వాలినా జారిపోవాల్సిందే. అయినా వీధిలో ఆయనకి దక్కిన పేరు 'కునుకు బాబు'. కత్తెర పట్టుకుని నిలబడే కునుకు తీసేవాడు. ఎవరైనా జోకేస్తే మోకాళ్లు మడతపడి, స్పృహలో ఉండగానే కుప్పకూలేవాడు. పొద్దున్నే తాగొస్తాడని వీధి తేల్చేసింది. చుక్క ముట్టని మనిషి మీద ఆ నింద వింటే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు కుర్చీలో కూర్చున్నాయన తన అత్తగారి కబురేదో చెప్పి నవ్వించాడు. బావ కూలాడు. కత్తి ఆ మనిషి చెవి కింద గీసుకుపోయింది. గాయం చిన్నదే గానీ, మా అక్క ఆ కత్తి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేసేసింది. కత్తి లేని సెలూన్ ఎందుకని బావ షట్టర్ దించి ఇంట్లో కూర్చున్నాడు.

చివరికి డాక్టరమ్మ అసలు సంగతి పట్టుకుంది. మెదడు లోపల ఒరెక్సిన్ అనే పదార్థం తయారుచేసే కణాలు కొన్ని ఉంటాయట. మనల్ని మెలకువగా నిలబెట్టేది అదే. బావకి ఆ కణాలు దాదాపు అన్నీ పోయాయి. అందుకే పట్టపగలు నిద్ర, నవ్వితే ఒంట్లో పట్టు జారడం. మెలకువ నిలిపే మాత్రలు రాసింది, మామూలుగా అలవాటైపోయే రకం.

అక్క మొహం మాడిపోయింది. మా నాన్న తాగుడుతో ఇల్లు గుల్లవడం కళ్లారా చూసిన మనిషి. సీసా పోయి డబ్బా వచ్చిందంతే అని గొణిగింది. 'ఇంకా కావాలి' అని మనిషిని తరిమే పనిలోనూ ఆ ఒరెక్సిన్‌కి చెయ్యి ఉందనీ, అది లేనివాళ్లు ఈ మాత్రలకి బానిసలవడం అరుదనీ డాక్టరమ్మ చెప్పింది. అక్క నమ్మలేదు. డబ్బా తన దగ్గరే దాచి, బావ ఎప్పుడు అడుగుతాడా అని కాచుకుంది.

ఆయన అడిగితేగా! రోజూ తనే వెంటపడి మింగించాల్సి వచ్చింది.

"సీసా మర్చిపోయే తాగుబోతుని నేనెక్కడా చూళ్లేదు," అని చివరికి తనే నవ్వేసింది.

పగటి కునుకు తగ్గింది. నవ్వితే ఇంకా పడుతున్నాడు గానీ, పడేముందు కాస్త వ్యవధి దొరుకుతోంది. బావకి అది చాలు. షట్టర్ ఎత్తి, కత్తి చేతిలో ఉండగా జోకులు నిషేధమని అద్దం మీద రాశాడు.

మొదట కుర్చీ ఎక్కింది మా నాన్నే. తాగుడైతే మానాడు గానీ, ఆయన నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు. అక్క బీరువా తెరిచి, కత్తి తెచ్చి బావకిచ్చి, ఆయన వెనకే నిలబడింది.

ఒక చెంప పూర్తయింది. అంతవరకూ ఓర్చుకున్న నాన్న నురగలోంచి నోరు విప్పాడు.

"నా చేత మాన్పించడానికి మీ అత్త జన్మంతా పోరింది అల్లుడూ. నీ చేత మింగించడానికి నా కూతురు పోరుతోంది. ఈ ఇంటి ఆడవాళ్లకి సుఖం రాసిపెట్టి లేదయ్యా."

బావ పెదవి వణికింది. ఆయన నిదానంగా కత్తి మడిచి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాతే నవ్వాడు. మోకాళ్లు మడతపడేసరికి అక్క చేతులు ఆయన చంకల కింద ఉన్నాయి.

కాసేపటికి బావ లేచి నిలబడ్డాడు. అక్క కత్తి తీసి మళ్లీ ఆయన చేతికిచ్చింది.

"రెండో చెంప మిగిలింది," అంది.