ముట్టకుండా తెలిసిన ఇనుము

డోర్నకల్ నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా" అని ఆగిపోయింది. కొన్ని నెలలుగా ఆయనకు గుండె బాగుండటం లేదని తెలుసు. అయినా ఆ మాట నాకు వెంటనే అందలేదు. ఎదురుగా తెరపై ఒక కొత్త లోహం లెక్క నడుస్తోంది. అంకెలు ఒకదాని కింద ఒకటి దిగుతుంటే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మా మేనమామ రైల్వేలో కీమ్యాన్. భుజాన సుత్తి, చేతిలో పానా; పొద్దున్నే పట్టాల వెంట నడుస్తూ వదులైన చోటల్లా బిగించేవాడు. సెలవులకు నేను స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వెళ్తే, పెరట్లోని పాత పట్టా ముక్కను మోగించి వినిపించేవాడు. "కండ్లు మూసుకొని విను. మంచి ఇనుము మోత జల్ది ఆగది" అనేవాడు. అది ఆగిపోయాక కూడా నాకు వినిపిస్తూనే ఉండేది.

ఒక పదార్థం ఎంత గట్టిదో, ఎంత వంగుతుందో తయారు చేయకముందే చెప్పడం నా పని. పరమాణువుల్లో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో క్వాంటమ్ సిద్ధాంతం చెబుతుంది. ఆ లెక్క మనుషుల వల్ల తెమలదు, సూపర్ కంప్యూటర్ చేయాలి.

పరిశోధనలో చేరిన కొత్తలో నాకు మామూలు ఇనుమునే ఇచ్చారు. నా లెక్కలో అది అసలు ఇనుము కన్నా కుంచించుకుపోయి, మరీ గట్టిగా వచ్చేది. వారాల తరబడి అదే జవాబు. చదువు మానేస్తానని డోర్నకల్ వెళ్లి మామకు చెప్పాను.

ఆయన టీని సాసర్‌లో పోసి, అలవాటుగా నా వైపు జరిపాడు. "గా లెక్కలు నాకేం తెల్వయి బిడ్డా. ఇనుమును కొడితే మోగుతది, అయస్కాంతం పెడితే అంటుకుంటది. నీ మిషిన్‌కు గిది ఎరుకేనా?"

సాసర్ నా చేతిలోనే ఉండిపోయింది. అప్పటిదాకా, రాగి లెక్క కోసం ఒక సీనియర్ రాసిన ఫైలు తెచ్చుకుని, లోహం పేరు మార్చి వాడుతున్నాను. రాగి అయస్కాంతానికి అంటుకోదు. ఇనుముకున్న ఆ గుణాన్ని నేను లెక్కలో పెట్టనే లేదు.

తిరిగి వెళ్లి సరిచేశాను. ఈసారి ఇనుము ఇనుములాగే వచ్చింది. ఫోన్‌లో చెబితే, "చేతితోని ముట్టకుండనే తెలిసిందా?" అని ఆశ్చర్యపోయాడు. నీ వల్లే మామా అంటే ఒప్పుకోలేదు. "నేనేం జేసిన? చాయ్ తాగుమన్న, అంతే గదా!"

ఆయన రిటైరయ్యాక ఒకసారి ఆ సూపర్ కంప్యూటర్ని చూపించడానికి తీసుకెళ్లాను. ఎవరూ అడగకుండానే గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. నల్లని బీరువాల్లాంటి యంత్రాల వరుసల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడిచాడు. "జర చలిగుంది" అన్నాడు గాని బయటకు రాలేదు. చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు ఆయన చెంపల మీదుగా సాగిపోతున్నాయి. యంత్రాలు వేడెక్కకుండా నేల కింది నుంచి వచ్చే చల్లగాలికి ఆయన భుజం మీది తెల్ల తువాల కొస లేస్తోంది. వరుస చివరిదాకా వెళ్లి, అటు తిరిగాడు. మనిషి మరుగైపోయాక కూడా ఆ తువాల కొస కాసేపు గాలిలో కనిపించింది.