గురువమ్మాళ్ పలికిన పేరు

మా పక్కింటి గురువమ్మాళ్‌కు బల్లి అరిచినా గుండె దడే. అలాంటి మనిషిని తొంభై ఆరులో మా ఊరికి పంచాయతీ ప్రెసిడెంటును చేశారు. మాది అరవనాట ఏళాయిరంపన్నై పక్క పల్లె, ఇళ్ళలో మాట్లాడేది మాత్రం తెలుగే. ఆ ఏడు ప్రెసిడెంటు సీటు ఆడవాళ్ళకే అని గవర్నమెంటు తేల్చేసింది. పేరు ఆమెది, పెత్తనం తమది అనుకుని మగవాళ్ళు ఆమెను నిలబెట్టారు. ఖర్మ!

అంతకుముందు కొళాయి పాడైనా పంచాయతీలకు పైనుండే యూనియన్ ఆఫీసు చుట్టూ తిరగాలి. కొత్త చట్టంతో ఊరి నీళ్ళ మీద అధికారం పంచాయతీకే వచ్చింది. మరుసటి వేసవిలో తూర్పు వీధి కొళాయిలు ఎండిపోయాయి. మెయిన్ పైపుకు దొంగ గొట్టం తగిలించి, మిరపతోటకు నీళ్ళు మళ్ళించింది ఎవరో అందరికీ తెలుసు. గురువమ్మాళ్ పెనిమిటి పాలసామికి అన్న, లక్ష్మణసామి. అందరిదీ ఒకటే ఇల్లు.

మా వాళ్ళలో కోడలు బావగారి ఎదుట కూర్చోదు, ఆయన పేరు నోట పలకదు. పలికిందా, ఇక ఆ ఇంట్లో ఆమెకు చోటు లేదు.

నీళ్ళ గొడవ తేల్చే గ్రామసభ రోజు పొద్దున్నే గురువమ్మాళ్ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, బయంగా వుండాది. బావ పేరు చెప్తే మా అత్త నన్ను బయటికి తోసేస్తాది. బిడ్డల్ని నా కాడ వుండనీదు."

"అయితే నోరు మూసుకోని వుండవే."

"తూర్పు వీధి కాళియమ్మాళ్ బురదనీళ్ళు వడగట్టి బిడ్డకు తాపతా వుండె. చూసినాను గదక్కా."

సభలో విరుదునగర్ నుంచి వచ్చిన అధికారి తమిళంలో అడిగాడు. "ఎవరి గొట్టం? ప్రెసిడెంటు మీరు, మీరే చెప్పాలి."

బావగారు ముందు వరుసలో మీసం దువ్వుకుంటున్నాడు. ఆయన ఎదుట కూర్చోకూడదని ఆమె కుర్చీ పక్కనే నిలబడి ఉంది. మైకు అందుకుంది.

"మా ఇంటి పెద్దాయన."

"పేరమ్మా, పేరు!" అని అధికారి విసుక్కున్నాడు.

పారిపోవే అని నాకు అరవాలనిపించింది.

"లక్ష్మణసామి," అంది. "ఆ గొట్టం తీసేయండి."

సాయంత్రానికి తూర్పు వీధిలో నీళ్ళు పడ్డాయి. బిందెల మోత మా వాకిట్లోకి వినబడింది. గురువమ్మాళ్ ఇంటి తలుపుకు మాత్రం లోపల గడియ పడింది. పిల్లలు అమ్మా అమ్మా అని ఏడుస్తున్నారు. పాలసామీ లోపలే ఉన్నాడు, గడియ తీయలేదు. వాడూ ఒక మగాడే! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆమె తలుపు బయట అరుగు మీద ముడుచుకుని కూర్చుంది.

"అక్కా," అంది, "పొద్దుట్నుంచి గొంతు తడవలేదు. ఒక చెంబు నీళ్ళియ్యి."