చెడ్డమాట పలకని ఇల్లు

మా ఆఫీసులో సోమవారం పొద్దున వెలిగించే అగరుబత్తుల పెట్టె మీద 'పాజిటివిటీ' అని రాసి ఉంటుంది. గంధంలో సబ్బు కలిసినట్టుండే ఆ వాసన మధ్యాహ్నం దాకా చొక్కాలను వదలదు. ఇంజినీరింగు చదివినవాణ్ణి, ఆ మాట నాకు బ్యాటరీకి ఒక కొసగా, రక్తం గ్రూపు పక్కన ఒక గుర్తుగా తెలుసు. మేనేజరు లెక్కలో అది సమస్య చెప్పకుండా నవ్వడం. ఆ పేరు తెలియకుండానే రేపల్లెలో మా నాయనమ్మ ఇల్లంతా దానితో నడిపింది.

ఆవిడ చెడ్డమాట పలకనిచ్చేది కాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి, దీపం ఆరితే కొండెక్కిందనాలి, గాజు పగిలితే పెరిగిందనాలి. తేగలు కాల్చే చలికాలపు సాయంత్రాల్లో, కొల్లూరు లంకల అరటిగెలలు మగ్గుతున్న చీకటిగదిలో దాగుడుమూతలాడుతూ పడి 'చచ్చాను' అని నేను అరిస్తే, మోకాలికి పసుపు అద్దేముందు ఆ మాట మార్పించేది.

"పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నూరేళ్ళు అను."

"నూరేళ్ళు."

"గట్టిగా అనరా. చెడుకైతే బాగానే వినపడుద్ది, మంచికే వాళ్ళకి చెవుడు."

నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ చిక్కిపోసాగింది. బట్టలు జాడిస్తూ మధ్యలో ఆగి, గట్టు పట్టుకుని దగ్గేది. ఇరుగుపొరుగు అడిగితే నాయనమ్మ "ఒళ్ళు కాస్త తేలికపడిందిలే" అనేది. చివరికి నాన్న మమ్మల్నందరినీ తెనాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"సాయంత్రాలు జ్వరం వస్తోందామ్మా?" అని ఆయన అమ్మను అడిగాడు.

నాయనమ్మ అందుకుంది. "అబ్బే, కాస్త వెచ్చబడుద్దంతేనండి."

"దగ్గితే నెత్తురు పడుతోందా?"

"అలాంటివేం లేవండి."

అమ్మ తల దించుకుంది. నాన్న గోడకేసి చూశాడు. మేము దగ్గుమందు సీసాతో ఇంటికొచ్చాం. వానలు మొదలయ్యాక గుంటూరులో చేసిన కఫం పరీక్షలో పాజిటివ్ వచ్చింది. క్షయ. అప్పటికే రెండు ఊపిరితిత్తులూ పాడయ్యాయి, మందులు మొదలుపెట్టినా అమ్మ దసరా చూడలేదు.

దానికీ నాయనమ్మ దగ్గర మంచిమాట ఉంది: ముత్తైదువగా వెళ్ళింది. అదొక్కటి అని, ఆ తర్వాత ఎవరి మాటా దిద్దలేదు.

ఇప్పుడు ఆవిడా లేదు. మొన్న ఆయాసపడుతున్న నాన్నను తెనాలి తీసుకెళ్ళాను. "ఏం లేదండి" అని ఆయన మొదలుపెట్టబోతే ఆపి, మెట్టెక్కితే ఎగశ్వాస, పాదాల వాపు, పడుకుంటే దగ్గు, అన్నీ వరసగా చెప్పాను. గుండె చాలా బలహీనపడిందన్నాడు డాక్టరు. వింటున్న కొద్దీ నాన్న కుర్చీలో చిన్నవాడైపోయాడు.

రేపల్లె ప్యాసింజరులో కిటికీ వైపు తిరిగి కూర్చుని అడిగాడు.

"తగ్గుద్దంటావా?"

మా ఇంట్లో ఎవరికీ ఆ ప్రశ్న అడిగే అవసరం వచ్చేది కాదు, జవాబే ముందొచ్చేది. తగ్గకేం నాన్నా, అంటే చాలు. కానీ డాక్టరిచ్చిన రిపోర్టు నేను చదివాను.

"ఇంకో టెస్టు రావాలి నాన్నా" అన్నాను.

ఆయన తలూపాడు. మళ్ళీ అడగలేదు.